ఓనర్ ఆంటీ, ఆమె చేప నీళ్లు

ఆదివారం పొద్దున వంటింట్లో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

“నేనమ్మా, హొసకోటె నుంచి మాట్లాడతాండాను. యలహంకలో మీ ఓనర్ ఆంటీ లేదా, ఆమె మరిదిని” అన్నాడు. గొంతు గుర్తుపట్టేలోపే అసలు మాట చెప్పేశాడు. “వదిన పోయినాదమ్మా. మంగళవారం. స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చునింది, అంతే. మీకు చెప్పాలనిపించె. నీళ్ల సంగతి ఆమె మాట్లాడేది మీతోనే కదా.”

“చేప?” అన్నాను.

“చేప నా దగ్గరే ఉండాది. తెచ్చుకున్నాను.”

ఫోన్ పెట్టేశాక హూడిలోని నా చిన్న ఫ్లాటులో పొయ్యి కట్టేసి కూర్చున్నాను. ఆమెకు నేనేమీ కాను. యలహంక పాత ఊళ్లో ఆమె ఇంటి మేడ మీద అద్దెకున్నదాన్ని, అంతే. అయినా అమ్మానాన్నల తర్వాత ఈ నగరంలో నన్ను అంతగా కోప్పడిన మనిషి ఇంకొకరు లేరు.

ఇల్లు చూడడానికి వెళ్లిన రోజు ఆమె నన్ను ఏ ఊరు, ఏ కులం, పెళ్లయిందా అని అడగలేదు. గేటు దగ్గరే నిలబెట్టి, “పొద్దున ఎన్ని బకెట్లు పోసుకుంటావప్పా?” అంది.

“ఒకటి.”

“తలకి పోసుకునే దినం?”

“ఒకటిన్నర అనుకుంటానండీ.”

కళ్లజోడు పైకెత్తి నా జుట్టు పొడవు చూసింది. అబద్ధం కాదని తేల్చుకున్నట్టుంది. “సరే, ఉండు” అంది. తాళం చెవి అప్పుడే చేతికిచ్చింది.

పొట్టి మనిషి. చీర కుచ్చిళ్లు ఎప్పుడూ బొడ్డులోకి దోపుకుని, ఏ క్షణాన ఏ పని పడుతుందోనని సిద్ధంగా ఉన్నట్టు నడిచేది. నవ్వు వస్తే ముక్కుతో ఒక్క ఊపిరి వదిలేది. అంతకు మించి నవ్వడం నేను చూడలేదు. చిన్నా పెద్దా, ఆడా మగా, అందరూ ఆమెకు ‘అప్పా’నే. నీళ్లు పట్టేటప్పుడు బకెట్ మీదికి వంగి, ఒక చెవి పక్కకు పెట్టి, వాసన చూసేది. చూసేవాళ్లకు మాత్రం ఆమె బకెట్‌లో ఎవరో చెప్పే మాట వింటున్నట్టుండేది.

ఆమె భర్త ముందుగదిలో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉండేవాడు. ఒకప్పుడు పట్టుకు రంగులద్దే మేస్త్రి. మగ్గాల సందులో ఆయన షెడ్డు ఉండేదట. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి మిగిలింది కానీ అది లుంగీ అంచును పట్టుకుని నలుపుతూ ఉండడం తప్ప ఇంకో పని చేసేది కాదు. ఫిజియోథెరపీ అతను రబ్బరు బంతి ఇస్తే ఆ బంతి కింద పడిపోయేది. ఆమె తీసి ఇచ్చేది. మళ్లీ పడేది.

ఆయన ఎదురుగా, కిటికీ వెలుతురు నేరుగా పడని చోట, బల్ల మీద గాజు తొట్టె. అందులో ఒకే ఒక ఎర్రని ఫైటర్ చేప. తోక కొసలు నీలం. దానికి పేరు లేదు. ఆమె ఉత్తగా ‘చేప’ అనేది.

ఆ చేప కథ ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ కోపంగానే మొదలుపెట్టేది. నాకు ముందు మేడ మీద ఉన్న కుర్రాళ్లు ఖాళీ చేసి వెళ్తూ ఊరగాయ సీసాలో ఒక చేపను వదిలేసి పోయారు.

“నీళ్లు పచ్చగా ఉండె. లోపల చేప ఉండాదా పోయినాదా తెలీదు. కాలవలో పోసేద్దామని కిందికి తెచ్చినాను. ఈడ బల్ల మీద పెట్టి చెప్పులు వేసుకుంటాంటే, ఆయన తల తిప్పినాడు.” ఇక్కడ ఆగేది. “ఆస్పత్రి నుంచి వచ్చినంక, తనకు తాను తల తిప్పింది అదే మొదలు.”

ఆ మొదటి చేప వారానికే చచ్చిపోయింది. దాన్ని చంపింది తన శుభ్రమేనని ఆమె దాచకుండా చెప్పేది. రోజూ సీసా ఖాళీ చేసి, రుద్ది, కొళాయి నీళ్లు నిండుగా పోసేది. “ఇల్లు తుడిచినట్ల తుడిస్తినప్పా. ఏనాడూ మురికి ఉండనీలేదు. మురికి లేకనే పోయినాది.” చేప పోయాక ఆయన తల మళ్లీ గోడవైపుకు తిరిగిపోయింది. ఆమె పాత బస్టాండు పక్కనున్న చేపల అంగడికి వెళ్లి, గిరాకీ ఉన్నా లేకపోయినా పక్కకు తప్పుకోకుండా నిలబడి, అంగడతని చేత అంతా చెప్పించుకుంది. మర్నాడు మళ్లీ వెళ్లింది. మూత ఉన్న తొట్టె, గాలి బుడగలతో మెల్లగా పనిచేసే స్పాంజి ఫిల్టరు, చలికాలానికి చిన్న హీటరు, ఈ ఎర్ర చేప, అన్నీ అలా వచ్చాయి.

నీళ్లు మార్చే రోజున ఇంట్లో మాటలుండేవి కావు. చేతికి సబ్బు, నూనె, క్రీము ఏదీ తగలకూడదు. ఆ రోజు పొద్దున ఆమె తలకు కూడా నూనె పెట్టుకునేది కాదు. సన్నని గొట్టం తొట్టె అడుగుకు పెట్టి, రాళ్ల మధ్య పేరుకున్న మడ్డితో పాటు కొంచెం నీళ్లు బయటికి తీసేది. తీసిన నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిసికి మళ్లీ పెట్టేది. కొళాయి కింద ఎప్పుడూ కడిగేది కాదు. మిగిలినవి కరివేపాకు కుండీకి.

“మొత్తం ఎందుకు తియ్యరు ఆంటీ?” అని మొదట్లో ఒకసారి అడిగాను.

“ఆ స్పాంజిలో కంటికి కనపడనివి ఉండాయి. చేప చేసే గలీజుని అవే తింటాయి. లేకుంటే ఆ గలీజే దానికి విషం. అంతా కడిగి పారేస్తే చేపకి ఎవరు దిక్కు?” అని, గొట్టం వైపు నుంచి చూపు తిప్పకుండానే, “మనం చేపకి తిండి పెట్టేది కాదప్పా, నీళ్లు పెట్టేది. తిండి పొద్దున నాలుగు గింజలేస్తే సరిపోతాది. జాస్తి వేస్తే అదీ కుళ్లి నీళ్లలోకే పోతాది” అంది.

కొత్త నీళ్లు వెనక వరండాలో రెండు డ్రమ్ముల్లో ముందురోజు నుంచే నిలవుండేవి. వాటిపైన దోమలు పడకుండా పాత చీర ముక్క బిగించి కట్టేది. అందులో క్లోరిన్ విరిచే చుక్కల మందు వేసి, మణికట్టు లోపలివైపు ముంచి, తొట్టె నీళ్లంత వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకుని, ఒక సాసరు మీదుగా జారేలా పోసేది. నీళ్లు పడే చప్పుడు కూడా వినిపించేది కాదు. ఎండిన బాదం ఆకు ఒకటి పైన తేలుతూ ఉండేది. దానివల్ల నీళ్లు పలచని టీ రంగులోకి మారేవి. చూసినవాళ్లు మురికి అనేవాళ్లు.

ఊరి పక్కనున్న వైమానిక స్థావరంలో జరిగే విమానాల విన్యాసాలకు ముందు రోజుల్లో యుద్ధ విమానాలు ఇళ్లమీదుగా పోతూ ప్రాక్టీసు చేస్తాయి కదా, అప్పుడు కిటికీ అద్దాలు వణికేవి, తొట్టెలో నీళ్లు చిన్నగా తొణికేవి. ఆ చప్పుడు దూరంగా మొదలవగానే ఆమె చేస్తున్న పని వదిలేసి వచ్చి ఒక చెయ్యి తొట్టె మూత మీద, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి నిలబడేది. విమానం పోయాక మళ్లీ వంటింట్లోకి వెళ్లేది. ఇద్దరిలో ఎవరిని పట్టుకోవడానికి వచ్చేదో నాకు ఎప్పుడూ తెలియలేదు.

ఆ ఇంట్లో ఏదో తెగబోతున్నట్టు ఉండేది. కారణం మరిది. చెడ్డవాడు కాదు. హొసకోటె దగ్గర కొంచెం తోట, ఒక చిన్న వర్క్‌షాపు. ప్రతి ఆదివారం స్కూటర్ మీద కూరగాయలు వేసుకుని వచ్చేవాడు. చిన్నప్పుడు అన్న దగ్గర రంగుల షెడ్డులో పనిచేసినవాడే. అన్నను చూసి బాధపడేవాడు. ఆ బాధ ఎక్కువయ్యే కొద్దీ ఒకే మాట అనేవాడు.

“అన్నని హోమ్‌లో చేర్పిద్దాం వదినా. మంచిది ఉండాది మా పక్కన. నర్సులుంటారు. నువ్వు ఒక్కదానివి ఎత్తి దించి, నీ నడుము పోతాండాది. ఆయనకి ఏమన్నా తెలిస్తాండాదా చెప్పు? లోపల మనిషే లేడు వదినా.”

“చేప యాడికి పోతే కళ్లు ఆడికి పోతాండాయి.”

“కదిలేదాన్ని పిల్లి కూడా చూస్తాది.”

మేడ మెట్ల మీద నాకు ఈ మాటలు వినిపించినప్పుడల్లా కింద ఇంకేదో మాట వస్తుందేమోనని ఆగిపోయేదాన్ని. వచ్చేది కాదు. అతను స్కూటర్ తీసుకుని వెళ్లిపోయేవాడు. ఆమె కూరగాయలు సర్దుకునేది.

ఆ ఎండాకాలం మా వీధిలో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ట్యాంకర్లే దిక్కు. ఒక ట్యాంకర్ నీళ్లు సున్నం కలిపినట్టుండేవి, ఇంకోదానివి బ్లీచింగ్ కంపు కొట్టేవి. ఆమె ప్రతి ట్యాంకర్ దగ్గరా పైపు నోటికి ముక్కు పెట్టి నిలబడేది. డ్రైవర్లు విసుక్కునేవాళ్లు.

ఒకరోజు వెనక పోర్షనులో ఉండే ఆవిడ గేటు దగ్గర అందరిముందూ అడిగేసింది. “ఈడ మనుషులు కాళ్లు కడుక్కునేదానికి లేదు. మీరు చేపకి డ్రమ్ముల్లో దాచిపెడతారా?”

వీధిలో బకెట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా ఆమెవైపు తిరిగారు. గలాటా అవుతుందనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు. కొప్పు ముడి విప్పి, జుట్టు ముందుకు వేసుకుని చూపించింది. జిడ్డుగా, అట్టకట్టి ఉంది.

“నా వంతులోవే అప్పా. నేను తలకి పోసుకుని చూడు ఎన్ని దినాలైనాదో” అని, ముడి మళ్లీ వేసుకుని తన బకెట్ ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె గేటుకు తాళం వేయడం మొదలుపెట్టింది.

నీళ్ల కష్టంలో ఆమె నడుము నిజంగానే పట్టేసింది. ఆయన్ని కుర్చీలోంచి మంచం మీదికి మార్చడానికి నన్ను పిలిచేది. ఒకసారి ఇద్దరం కలిసి కూడా ఎత్తలేక, ఆయన్ని నేల మీదే పడుకోబెట్టి, ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. మరిది ఆ వారం వచ్చి, చూసి, ఇక అడగడం మానేసి చెప్పేశాడు. “వచ్చే సోమవారం హోమ్ వాళ్ల బండి వస్తాది వదినా. నేను మాట్లాడినాను. నీకు కోపం వచ్చినా సరే.” ఆమె సరే అనలేదు. వద్దని కూడా అనలేదు. అది నన్ను భయపెట్టింది.

సోమవారానికి ముందు శుక్రవారం ఆమె మందుల కోసం ఆస్పత్రికి వెళ్లింది. అన్న దగ్గర కూర్చోవడానికి మరిది వచ్చాడు. నేను మేడ మీద చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆఫీసు పనిలో ఉన్నాను. మధ్యాహ్నానికి ముందు కింద నుంచి పిలుపు వినిపించింది.

“ఏమప్పా, పైన ఉండావా?”

ఆమె గొంతే. కానీ ఎప్పుడూ అలా పిలవలేదు. మెట్లు రెండేసి దిగాను.

ముందుగది నేలంతా తడి. గదినిండా గిన్నెల సబ్బు వాసన, దానిమీద బ్లీచింగ్ ఘాటు. తొట్టె తళతళా మెరిసిపోతోంది. రాళ్లు కడిగి పేర్చి ఉన్నాయి. స్పాంజి కొత్తదానిలా తెల్లగా ఉంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే వెనక గోడ మీది క్యాలెండరు అంకెలు కనిపిస్తున్నాయి. ఆ నీళ్ల పైన చేప పక్కకు ఒరిగి, రంగు పాలిపోయి, నోరు తెరిచి మూస్తోంది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి.

ఆమె మందుల సంచి చేతిలోనే పట్టుకుని నిలబడింది. కాళ్లకు చెప్పులు అలాగే ఉన్నాయి. ఆ ఇంట్లోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేది కాదు.

మరిది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. మొహంలో పని పూర్తయిన తృప్తి ఇంకా పూర్తిగా పోలేదు. “నీకు పని తగ్గిద్దామని వదినా. అంత పాచి ఉండె. డ్రమ్ములు కూడా పారబోసి బోర్లించినాను. నిలవ నీళ్లకి దోమలు పెడతాయి, డెంగీ వస్తాది.”

“తొట్టెలో పోసింది యాడి నీళ్లప్పా?”

“సంపులోవే. పొద్దున ట్యాంకర్ వచ్చె. బ్లీచింగ్ కూడా వేయించినాను, బాగా.”

ఆమె సంచి కింద పెట్టింది. చుక్కల మందు సీసా తీసి చూసి పక్కన పెట్టేసింది. “ఇంత బ్లీచింగ్‌కి ఇది యాడ చాలతాది. సబ్బుకి మందే లేదు.” నావైపు తిరిగింది. “పైన నీళ్లు ఉండాయా నీ దగ్గర? నిన్నటివి?”

ఉన్నాయి. రెండు బకెట్లు. ఒకటి నిన్న పట్టింది, ఇంకోటి ఈ పొద్దున సంపులోంచి మోటరు వేశాక పట్టింది. రెండూ ఒకే రంగు బకెట్లు, పక్కపక్కనే బాత్రూములో. ఏది ఏదో నాకు తెలియలేదు. ఆ మాట చెప్పి రెండూ దించుకొచ్చాను.

ఆమె ఒకదానిమీదికి వంగింది, తర్వాత రెండోదానిమీదికి. మళ్లీ మొదటిదానికి వచ్చింది. తల అడ్డంగా ఊపింది. “ఈ గదిలో ముక్కు పనిచేస్తాలేదప్పా. అంతా ఇదే వాసన.” చేప ఒకసారి గిలగిలా కొట్టుకుని, మునిగి, మళ్లీ పైకి తేలింది.

బకెట్లలో ఒకటి చక్రాల కుర్చీకి ఆనుకుని ఉంది. లుంగీ అంచును నలుపుతున్న ఎడమ చెయ్యి ఆగింది. ముగ్గురం చూశాం. ఆ చెయ్యి కుర్చీ చేతిమీదుగా మెల్లగా జారి, కిందికి వేలాడి, వేళ్లు నీళ్లలో మునిగాయి. పైకి వచ్చింది. దారిలో ఒకసారి గడ్డానికి తగిలి ఆగింది. తర్వాత నోటిదాకా వెళ్లింది. ఆయన ఆ తడిని నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుంది. నోట్లోంచి అంతా చొక్కామీదికి కారిపోయింది.

“అన్నా” అన్నాడు మరిది.

ఆమె ఆ బకెట్‌ను కాలితో వెనక్కి నెట్టి, రెండోదాన్ని ఈడ్చి ఆ చేతికింద పెట్టింది. చెయ్యి మళ్లీ దిగింది. మళ్లీ పైకి వెళ్లింది. ఈసారి నోరు మూసుకుంది. గొంతు కదిలింది, మింగాడు. చెయ్యి మళ్లీ కిందికి వచ్చి ఆ బకెట్ నీళ్లలో ఉండిపోయింది.

మరిది ఆ తడినేల మీదే కూర్చుండిపోయాడు. “షెడ్డులో అట్లే చూస్తాండె” అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. “బావి నీళ్లయినా, ట్యాంకరువైనా, నాలిక మీద వేసుకోకుండా పట్టు దించనిచ్చేవాడు కాదు. నీళ్లు చెడితే రంగు పట్టదని. నన్ను కూడా చూడమనె. నాకు తెలిసేది కాదు.”

“గమ్మునుండప్పా” అంది ఆమె. “ఆ గాజు గిన్నె ఇట్ల ఇయ్యి. చేత్తో లోపల తాకద్దు.”

ఆయన చేతిని పైకెత్తి ఒళ్లో పెట్టి, ఆ బకెట్‌లోంచి నీళ్లు గిన్నెలోకి వంచింది. మణికట్టు ముంచి చూసింది. గ్లాసుతో చేపను నీళ్లు పెద్దగా రాకుండా పట్టి అందులోకి జార్చింది. బాదం ఆకులు దాచుకున్న డబ్బాలోంచి ఒకటి తీసి పైన పెట్టింది. గిన్నెమీద తువ్వాలు సగం కప్పి, ఆయనకు కనిపించేట్టు ఆ బల్ల మీదే పెట్టింది.

“ఇంగ మనం చేసేదేం లేదు. కదిలించకూడదు. అంతే” అంది.

ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా గడిచింది. నేను ఆఫీసుకు ఒంట్లో బాగాలేదని చెప్పి అక్కడే కూర్చున్నాను. ఆమె బల్ల ముందు పీట వేసుకుని కూర్చుంది. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. మరిది కాసేపు అన్న కాళ్ల దగ్గర కూర్చుని, లేచి వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాడు. తలుపు తెరిచే ఉంది.

“సోమవారం వద్దు” అన్నాడు ఫోన్‌లో. కొంచెం ఆగి, “లేదు, ఆ పై వారం కూడా కాదు. ఇంగ వద్దులే అప్పా” అన్నాడు.

ఆమె విన్నది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తువ్వాలు అంచు ఎత్తి చూసింది. చేప ఆకు కింద నిటారుగా నిలబడి ఉంది. నోరు తెరవడం తగ్గింది. ఒక పక్క రెక్క కొంచెం విచ్చుకుంది. ఆమె చేపను ఎక్కువసేపు చూడలేదు. ఆయన మొహం వైపు తిరిగింది. ఆయన కళ్లు గిన్నెలో ఉన్నాయి. అప్పుడు ఆమె తన కాళ్లు చూసుకుని, చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని బయట పెట్టి వచ్చింది.

తొట్టె మళ్లీ దారికి రావడానికి చాలా వారాలు పట్టింది. సబ్బు తగిలిన స్పాంజి, రాళ్లు పారేసి అన్నీ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. కొత్త స్పాంజి పనికొచ్చేదాకా రోజూ కొంచెం కొంచెం నీళ్లు మార్చేది. ఆ నీళ్లు మరిది తన తోట బోరులోంచి క్యానుల్లో స్కూటర్ మీద తెచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర ఆమె ఒకే మాట అడిగేది. “క్యాను సబ్బుతో కడగలేదు కదా?” అతను ప్రతిసారీ తల ఊపేవాడు. ఆ రోజు చిరిగిన రెక్కల అంచుల్లో ముందు తెల్లని పొర వచ్చింది. తర్వాత ఆ తెలుపులోకి ఎరుపు పాకింది. ఆమె చూడమని నన్ను పిలిచేది, చూశాక వెళ్లిపొమ్మనేది.

అలాగని ఆయన కోలుకోలేదు. ఆ చెయ్యి మళ్లీ లుంగీ అంచు దగ్గరికే వెళ్లింది. నాకు తెలిసి మళ్లీ నీళ్ల దగ్గరికి రాలేదు. వర్షాలు పోయాక, చలికాలంలో, నిద్రలోనే పోయాడు. కొన్నాళ్లకు నేను ఆఫీసు దగ్గరని హూడికి మారిపోయాను.

ఆమెను ఆఖరిసారి చూసింది మొన్న దసరా తర్వాత. కుర్చీ లేదు. కిటికీ పక్కన ఖాళీగా ఉంది. బల్ల మాత్రం అక్కడే ఉంది, తొట్టె అక్కడే ఉంది. ఎర్రది ముసలిదై పోయిందట. ఇది ఆకుపచ్చ, నీలం కలిసిన ఇంకో చేప. ఆయన లేడు కదా, ఇంకా ఎందుకు ఈ శ్రమ అని అడగాలనుకోలేదు. కానీ ఆ ఖాళీ చోటు వైపు చూసినట్టున్నాను.

“అందరూ ఆయన చూసేదానికే పెట్టినానని అనుకునిరి” అంది ఆమె. “నేనూ అట్లే చెప్తాంటిని. చెప్పుకునేదానికి బాగుంటాది కదా.”

తొట్టె మూత కొంచెం జరిపి సరిచేసింది.

“ఆయనకి ఎంత చేసినా తెల్లారేసరికి అట్లే ఉంటాండె. కొంచెం కొంచెం దిగేదే గానీ ఎక్కేది లేదు. డాక్టరు ముందే చెప్పె. మాన్పించేదానికి లేదు, మానుకునేదానికీ లేదు. ఈ చేప అట్ల కాదు. నీళ్లు చెడితే రెక్కలు ముడుస్తాది. మంచి నీళ్లు పెట్టు, విప్పుతాది. నేను చేసిందానికి బాగయ్యేది ఆ ఇంట్లో ఇదొకటే ఉండె.”

బయట ఎవరో గేటు తీసిన చప్పుడైంది. ఆమె అటు చూసి, పక్కింటికి వచ్చినవాళ్లని తెలిసి, మళ్లీ నావైపు తిరిగింది.

“అది కూడా లేకుండా ఉండింటే” అంది, “ఆ సోమవారం హోమ్ వాళ్ల బండి వచ్చినప్పుడు ఆయన్ని నేనే ఎక్కించింటినప్పా.”